పరిచయం వేరు, అప్పు వేరు: బౌద్ధం, గ్రీకు తత్వాల సంబంధంపై ఒక వివరణ

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

బౌద్ధానికీ గ్రీకు తత్వానికీ ప్రాచీన కాలంలో ఏర్పడిన సంబంధం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. తెలుగు పత్రికల్లో అరుదుగా చోటు దక్కే విషయాన్ని ఎత్తుకున్నందుకు మీకూ వ్యాసకర్తకూ ముందుగా కృతజ్ఞతలు. అయితే దేన్నీ నిశ్చయంగా తేల్చలేమనే గ్రీకు సంశయవాదం మొత్తం బౌద్ధం పెట్టిన భిక్షేనని, అలెగ్జాండర్ వెంట వచ్చిన పిర్రో అనే తాత్వికుడు తక్షశిలలో బౌద్ధ భిక్షువుల దగ్గర శిష్యరికం చేసి వెళ్ళాడని వ్యాసం తేల్చిపారేసిన తీరు నాకు మింగుడు పడలేదు. ఈ రెండు జాతులు కలుసుకున్నాయనడానికి ఉన్న ఆధారాలు ఎంత గట్టివో, ఒకరి తత్వాన్ని మరొకరు తీసుకున్నారనడానికి చూపే ఆధారాలు అంత పలచనివి. వ్యాసకర్త మొదటి రకం ఆధారాలను దాదాపుగా వదిలేసి, రెండో రకం మీద మేడ కట్టారు. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి కనుక ఈ విషయంలో నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను. కాస్త నిడివి ఎక్కువైతే మన్నించగలరు.

ముందుగా పిర్రో సంగతి చూద్దాం. గ్రీసులోని ఎలిస్ పట్టణానికి చెందిన ఈయన తన గురువు అనాక్సార్కస్‌తో కలిసి అలెగ్జాండర్ దండు వెంట మన ఉపఖండపు వాయవ్య ప్రాంతానికి వచ్చాడన్న కథనాన్ని పండితుల్లో ఎక్కువమంది అంగీకరిస్తారు. అయితే ఆయన తత్వగ్రంథమేదీ రాయలేదు. ఆయన ఆలోచనలు మనకు తెలిసింది శిష్యుడు టైమన్ చెప్పినవాటిని తరువాతి వారు ఉటంకించడం వల్ల, ఆ ఉటంకింపులను మరికొందరు మళ్ళీ ఉటంకించడం వల్ల. ఇండియాలోని దిగంబర తాత్వికులతో కలిగిన సాంగత్యమే పిర్రో తత్వానికి దారి తీసిందని చెప్పే, తాత్వికుల జీవితచరిత్రలు రాసిన డయోజెనిస్ లాయర్షియస్ క్రీ.శ. 3వ శతాబ్దపువాడు, అంటే పిర్రోకు ఇంచుమించు ఐదు వందల ఏళ్ళ తరువాతివాడు. ఆయన కూడా పాత రచయితల మాటను అందిస్తున్నాడే తప్ప, ఆ దిగంబరులు బౌద్ధులని ఎక్కడా అనలేదు. పైగా వారితో పాటు పారశీక పురోహితులైన మాగీల పేరు కూడా చెప్పాడు. మీ వ్యాసంలో మాగీలు ఎటు పోయారో తెలియదు.

ఆ దిగంబరులు ఎలా ఉండేవారో చూసినవాడు చెప్పిన వర్ణన ఒకటి మిగిలింది. క్రీ.పూ. 326లో అలెగ్జాండర్ తక్షశిలలో ఉన్నప్పుడు, ఒనెసిక్రిటస్ అనే తన అనుచరుణ్ణి ఆ మునుల దగ్గరికి పంపాడు. నగరానికి కొంత దూరంలో పదిహేను మంది, ఒకరు నిలబడి, ఒకరు కూర్చుని, ఒకరు పడుకుని, ఒంటి మీద నూలుపోగు లేకుండా సాయంత్రం దాకా ఎండలో కదలక మెదలక ఉన్నారని ఆయన చెప్పిన మాటను భూగోళకారుడు స్ట్రాబో భద్రపరిచాడు. బౌద్ధ వినయంతో, అంటే భిక్షువుల నియమావళితో, కాస్త పరిచయం ఉన్నవారికి ఇక్కడే అనుమానం రావాలి. భిక్షువు నగ్నంగా తిరగడాన్ని వినయ నియమాలు నిషేధిస్తాయి, శరీరాన్ని హింసించుకునే తపస్సును బుద్ధుడు తన మొదటి ఉపదేశంలోనే తోసిపుచ్చాడు. అదే బృందం నుంచి అలెగ్జాండర్ వెంట వెళ్ళిన కలనస్ అనే ముని పారశీక దేశంలో జబ్బుపడి, చితి పేర్పించుకుని దాని మీదికెక్కి ప్రాణాలు వదిలాడు. వీరు ఆజీవకులనే తాపసులో, నిర్గ్రంథులో (జైనులో), మరొక తాపస శాఖవారో అయి ఉండవచ్చు, కానీ బౌద్ధులనడానికి ఒక్క ఆనవాలు కూడా కనబడదు.

ఆ సంభాషణ జరిగిన పద్ధతి కూడా గమనించదగినది. ఒనెసిక్రిటస్ మాటలు ముగ్గురు దుబాసీల నోళ్ళు దాటి మునుల చెవిన పడ్డాయి. భాష తప్ప మరేమీ ఎరుగని దుబాసీల ద్వారా తత్వం చెప్పమనడం, బురదలోంచి పారే నీరు తేటగా రావాలని ఆశించడం వంటిదని ఆ మునుల పెద్ద మందనిస్ అన్నాడట. రెండు సంస్కృతుల మధ్య తాత్విక చర్చకు మనకు దొరికిన తొట్టతొలి సాక్ష్యంలోనే, ఆ చర్చ ఎంతవరకు సాగగలదో ఆ పెద్దాయన నిర్మొహమాటంగా చెప్పేశాడు. పిర్రో విషయంలో మిగిలిన భారతీయుడి మాట కూడా ఒక్కటే. రాజుల కొలువులో ఊడిగం చేస్తున్నంత కాలం ఇతరులకు మంచి అనేది నేర్పలేవని ఒక భారతీయుడు అనాక్సార్కస్‌ను మందలించగా విని, పిర్రో ఏకాంతవాసం మొదలుపెట్టాడని ఒక కథనం. అందులో ఏదీ శాశ్వతం కాదనే బౌద్ధుల అనిత్యతా లేదు, స్థిరమైన ఆత్మ లేదనే అనాత్మా లేదు. రాజాశ్రయం మీద విముఖత మన దేశంలో ఏ ఒక్క మతానికీ సొంతం కాదు.

వస్తువులు వేరుపరచరానివి, నిలకడలేనివి, తేల్చి చెప్పరానివి అని పిర్రో అన్నట్టు ఒక వాక్యం నిలిచింది. ఈ మూడింటినీ బౌద్ధంలోని అనాత్మ, దుఃఖం, అనిత్యం అనే త్రిలక్షణాలకు జతచేసి, 2015లో క్రిస్టఫర్ బెక్‌విత్ అనే అమెరికన్ పండితుడు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మీ వ్యాసకర్త వాదన ఆ దారిలోనే నడిచినట్టు తోస్తుంది. అది ప్రతిపాదన మాత్రమే, దాన్ని గట్టిగా ఖండించిన పండితులు ఉన్నారు. నా మటుకు నాకు ఈ జత అతకడం లేదు. నిలకడలేనిదానికి జత కలపాలంటే అనిత్యమే సహజంగా సరిపోతుంది, కానీ ఆ చోట దుఃఖాన్ని కూర్చోబెట్టవలసి వచ్చింది. పైగా అనాక్సార్కస్ గ్రీకు తాత్వికుడు డెమోక్రిటస్ సంప్రదాయానికి చెందినవాడు. చిత్తశాంతిని జీవిత లక్ష్యంగా చెప్పడం, ఇంద్రియాల సాక్ష్యాన్ని అనుమానించడం ఆ సంప్రదాయంలో అలెగ్జాండర్ పుట్టకముందే ఉన్నాయి. ఇంట్లో దొరికే దానికోసం పిర్రో సింధునది దాకా రావలసిన అవసరం లేదు.

ఇక గట్టి ఆధారాల వైపు వద్దాం. వాటిలో అత్యంత విలువైనది మన ఇంటి ముంగిటే ఉంది. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండరాళ్ళ మీద అశోకుడి పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ చెక్కి ఉన్నాయి. వాటిలో పదమూడోది కళింగ యుద్ధానంతరం చక్రవర్తి పడిన పశ్చాత్తాపాన్ని చెబుతుందని బడి పిల్లలకు కూడా తెలుసు. అదే శాసనంలో, ధర్మవిజయం ఆరు వందల యోజనాల దాకా సాగిందంటూ ఐదుగురు గ్రీకు రాజుల పేర్లు వరుసగా ఉన్నాయన్న సంగతి మాత్రం పాఠాల్లో పెద్దగా వినబడదు. అంతియోక, తురమాయ, అంతికిని, మక, అలికసుదర అని చెక్కిన ఆ పేర్లు సిరియాను ఏలిన రెండో ఆంటియోకస్‌, ఈజిప్టును ఏలిన రెండో టాలెమీ, మాసిడోనియా రాజు ఆంటిగోనస్‌, ఉత్తర ఆఫ్రికా తీరంలోని సైరీనీ పాలకుడు మాగస్, ఎపిరస్‌నో కొరింత్‌నో ఏలిన అలెగ్జాండర్‌ అనే రాజు. వీరంతా ఏకకాలంలో జీవించి ఉన్నది క్రీ.పూ. 3వ శతాబ్దం నడిమి కాలంలో మాత్రమే కనుక, అశోకుడి కాలాన్ని చరిత్రకారులు నమ్మకంగా లెక్కకట్టడానికి ఈ ఐదు పేర్లే ప్రధాన ఆధారమయ్యాయి. అదే శాసనం, చక్రవర్తి ఏలుబడిలోని జనుల జాబితాలో ఆంధ్రులను కూడా పేర్కొంటుంది. ఈజిప్టు రాజునూ ఆంధ్రులనూ ఒకే శాసనంలో తలచిన రాయి మన పొరుగునే ఉండగా, పత్రికలు పిర్రో చుట్టూ తిరగడం నాకు వింతగా తోచింది.

ఈ శాసనం చెప్పేదాన్ని కూడా ఉన్నంతవరకే తీసుకోవాలి. ధర్మదూతలు వెళ్ళారని అశోకుడు అంటున్నాడు, వారు వచ్చారని ఏ గ్రీకు రచయితా రాయలేదు. అంతకన్నా ముఖ్యమైన వాక్యం ఇంకొకటి ఉంది. బ్రాహ్మణులూ శ్రమణులూ (బౌద్ధుల వంటి సన్యాసులూ) లేని దేశం యోనుల, అంటే యవనులైన గ్రీకుల, దేశం తప్ప మరొకటి లేదని అదే శాసనం చెబుతుంది. అంటే, పిర్రో వచ్చి వెళ్ళిన సుమారు డెబ్బై ఏళ్ళకు కూడా, యవనుల మధ్య శ్రమణులు లేరని చెబుతున్నవాడు సాక్షాత్తూ అశోకుడే. వ్యాసకర్త ఈ శాసనాన్ని ఒక్క వాక్యంలో ప్రస్తావించి, ఈ మాటను వదిలేశారు.

ఎర్రగుడి గురించి చెబుతున్నాను కనుక పోలికల ప్రమాదం ఎంతటిదో అక్కడి రాతిమీదే చూపుతాను. అక్కడున్న చిన్న శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకీ, దుక్కి దున్నే ఎద్దులు సాలు చివర మళ్ళినట్టు సాగుతాయి. ఇలాంటి రాత తొలినాటి గ్రీకు శాసనాల్లో ప్రసిద్ధం. ఇది చూసి, అశోకుడి లేఖకుడు గ్రీకుల దగ్గర రాయడం నేర్చాడని రేపు ఎవరైనా వ్యాసం రాస్తే ఆశ్చర్యపోను. కానీ గ్రీకులు ఆ అలవాటును అశోకుడికి చాలా ముందే వదిలేశారు. కుడి నుంచి ఎడమకు సాగే ఖరోష్ఠి లిపికి అలవాటు పడిన చెయ్యి ఆ రాత రాసి ఉంటుందన్న వివరణే ఎక్కువ సబబుగా ఉంది.

అఫ్ఘానిస్తాన్‌లోని కాందహార్‌లో 1958లో బయటపడిన గ్రీకు, అరామిక్ ద్విభాషా శాసనం, ఆ తరువాత కొద్ది ఏళ్ళకే అక్కడే దొరికిన మరో గ్రీకు శాసనం అశోకుడి మాటలను మంచి గ్రీకులో చెప్పాయి. ఆ రెండోది పన్నెండో, పదమూడో శిలాశాసనాల భాగాలకు గ్రీకు రూపం. ఎర్రగుడిలో ప్రాకృతంలో ఉన్న విషయమే కాందహార్‌లో గ్రీకు చదువుకున్నవారి కోసం రాతికెక్కింది. ఇక్కడ దుబాసీల బురద లేదు. రెండు భాషలూ, రెండు పక్షాల ఆలోచనా పరిభాషా బాగా ఎరిగినవాడే ఆ పని చేయగలడు. గ్రీకు తత్వం ఆ ప్రాంతానికి చేరిందనడానికి కూడా రుజువు ఉంది. అము దర్యా ఒడ్డున ఐ ఖానుమ్ దగ్గర 1964 నుంచి ఫ్రెంచి పురావస్తు శాఖవారు తవ్విన గ్రీకు నగరంలో, క్లియార్కస్ అనే వ్యక్తి గ్రీసులోని డెల్ఫీ ఆలయంలోని సూక్తులను నకలు రాసుకొచ్చి చెక్కించిన రాతిపీఠం దొరికింది. బాల్యంలో క్రమశిక్షణ, యౌవనంలో ఆత్మనిగ్రహం, నడివయసులో న్యాయం, ముసలితనంలో మంచి సలహా, చివరికి దుఃఖం లేని చావు కావాలని ఆ పీఠం మీది మాటలు చెబుతాయి. అదే తవ్వకంలో, పపైరస్ కుళ్ళిపోయినా దాని మీది సిరా మట్టికి అంటుకుని మిగలగా, ప్లేటో ఫక్కీలో సాగే ఒక తాత్విక సంభాషణ ముక్కలు బయటపడ్డాయి. గ్రీకు తత్వం అనేది దండయాత్రతో వచ్చి మాయమైన వాసన కాదని, అక్కడ చదివేవారు ఉన్నారని ఈ మట్టి చెబుతుంది. బౌద్ధంతో అది ముఖాముఖి అయ్యే అవకాశం ఎక్కడుందని అడిగితే, తక్షశిల ఎండలో కాదు, ఇటువంటి నగరాల్లో, ఆ తరువాతి తరాల్లో అంటాను.

ఆ ముఖాముఖికి సాహిత్యంలో మిగిలిన రూపం మిలిందపన్హ, అంటే 'మిలిందుడి ప్రశ్నలు' అనే పాళీ బౌద్ధ గ్రంథం. క్రీ.పూ. 2వ శతాబ్దంలో సాగల నగరం, అంటే నేటి పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్, రాజధానిగా ఏలిన మినాండర్ (మిలిందుడు) అనే గ్రీకు రాజు ప్రశ్నలు వేస్తాడు, భిక్షువు నాగసేనుడు జవాబులు చెబుతాడు. చర్చ ముందుకు సాగనిచ్చే ముందు నాగసేనుడు ఒక షరతు పెడతాడు. పండితుల మాదిరి వాదిస్తావా, రాజుల మాదిరి వాదిస్తావా అని అడుగుతాడు. పండితులు ఓడినా కోపగించరు, రాజులు తమ మాట కాదన్నవాడికి దండన వేస్తారు. పండితుల మాదిరే అని రాజు మాట ఇచ్చాకనే చర్చ ముందుకు సాగుతుంది. రథంలోని ఇరుసూ చక్రాలూ నొగా విడివిడిగా చూపి, రథం ఏదని అడిగే ఘట్టం చాలామందికి తెలిసిందే కనుక నేను దానిని మళ్ళీ చెప్పను. అంతగా తెలియని చిన్న ఘట్టం ఒకటుంది. నాగసేనుణ్ణి రాజభవనానికి తీసుకువెళ్ళడానికి వచ్చిన మంత్రుల్లో అనంతకాయుడనేవాడు దారిలో నడుస్తూ, నాగసేనుడు అంటే లోపలికీ బయటికీ తిరిగే ఊపిరే కదా, అదే జీవుడు కదా అంటాడు. బయటికి పోయిన ఊపిరి తిరిగి రాకపోతే మనిషి బతుకుతాడా అని భిక్షువు అడుగుతాడు. బతకడంటాడు మంత్రి. శంఖం ఊదేవాడి ఊపిరి, పిల్లనగ్రోవి ఊదేవాడి ఊపిరి బయటికి పోయి మళ్ళీ అదే తిరిగి వస్తోందా, రాకపోతే వాళ్ళెందుకు చావడం లేదని నాగసేనుడు మళ్ళీ అడుగుతాడు. ఇలాంటి వాదితో నేను తూగలేను, మీరే చెప్పండి అని మంత్రి చేతులెత్తేస్తాడు. అనంతకాయ, దేవమంతియ అనే ఆ మంత్రుల పేర్ల వెనుక ఆంటియోకస్, డెమెట్రియస్ అనే గ్రీకు పేర్లున్నాయని పండితుల ఊహ.

అంత మాత్రాన దీన్ని గ్రీకు తత్వంతో జరిగిన చర్చ అనవచ్చా? ప్లేటో, అరిస్టాటిల్ పేర్లు ఈ గ్రంథంలో లేవు, వారి సిద్ధాంతాలూ లేవు. రాజు నేర్చిన విద్యల జాబితాలో శ్రుతి, స్మృతి, సాంఖ్యం, యోగం వంటివన్నీ ఇక్కడివే. ప్లేటో సంభాషణల్లో ప్రశ్నలు వేసేవాడే గురువు, ఇక్కడ జవాబులు చెప్పేవాడు గురువు. రాజు చివరికి రాజ్యం కొడుక్కి అప్పగించి అర్హతుడయ్యాడని, అంటే ముక్తి పొందాడని, పాలి గ్రంథం ముగిస్తే, ఆయన పాలకుడిగానే సైనిక శిబిరంలో చనిపోయాడని, చితాభస్మం కోసం నగరాలు పోటీపడి సమానంగా పంచుకుని స్మారకాలు కట్టాయని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. నాణేల సాక్ష్యం మరోలా ఉంది. ఒకవైపు గ్రీకు, మరోవైపు ఖరోష్ఠి అక్షరాలున్న ఆయన నాణేల్లో చాలావాటి మీద కనిపించేది పిడుగు విసురుతున్న అథీనా దేవత, చక్రం గుర్తున్నది అరుదైన ఒక రకం. బుద్ధుడి ధాతువులను (అస్థికలను) పంచుకున్న కథ ప్లూటార్క్ కథనం మీద నీడ వేసిందేమోనన్న అనుమానం నాకు చాలాకాలంగా ఉంది. అది నా అనుమానమే కనుక దాని మీద నేనేమీ కట్టదలచుకోలేదు.

యవనులు బౌద్ధులైన మాట నిజమే. మహారాష్ట్రలోని కార్లే బౌద్ధ గుహల్లో స్తంభాలు చెక్కించిన దాతల్లో యవనులున్నారు. శ్రీలంక చరిత్ర గ్రంథమైన మహావంశం, అశోకుడి కాలంలో ధర్మప్రచారానికి పంపిన పెద్దల్లో యోన ధమ్మరక్ఖితుడి పేరు చెబుతుంది. ఆ తరువాతి కాలపు మరో యవనుడు, తక్షశిల రాజు ఆంటియాల్కిడస్ రాయబారి హీలియోడోరస్, విదిశలో గరుడ స్తంభం నిలిపి తాను వాసుదేవుడి భక్తుణ్ణని చెప్పుకున్నాడు. కాబట్టి యవనులు ఇక్కడికి వచ్చి బౌద్ధానికే తల వంచారనడం కూడా సగం మాటే. మన వైపు చూస్తే, నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి నాటి శాసనం ఒకటి కాశ్మీర, గాంధార, చీనా దేశాలతో పాటు యవన దేశాన్ని కూడా ప్రసన్నం చేసుకున్న స్థవిరులను (పెద్ద భిక్షువులను) ప్రస్తావిస్తుంది. ఈజిప్టు ఎర్రసముద్ర తీరంలోని బెరెనికే రేవులో ఇటీవల పాలరాతి బుద్ధ విగ్రహం దొరికిందని 2023లో ప్రకటించారు. అలెగ్జాండ్రియాలో క్రీ.శ. 200 ప్రాంతంలో క్లెమెంట్ అనే క్రైస్తవ రచయిత, బుద్ధుణ్ణి దేవుడిగా కొలిచే భారతీయులున్నారని పేరు పెట్టి రాశాడు. గ్రీకు రచనల్లో బుద్ధుడి పేరు స్పష్టంగా కనబడడానికి అలెగ్జాండర్ తరువాత ఐదు వందల ఏళ్ళు పట్టిందన్న సంగతిని కూడా ఇక్కడే లెక్కలోకి తీసుకోవాలి.

వ్యాసకర్త చివరగా చతుష్కోటిని ప్రస్తావించారు. ఉంది, లేదు, ఉండీ లేదు, ఉన్నదీ కాదు లేనిదీ కాదు అనే నాలుగు కొమ్మల వాదం ఆచార్య నాగార్జునుడిలోనూ గ్రీకు సంశయవాదుల్లోనూ కనిపిస్తుంది కనుక అది ఇక్కడి నుంచే వెళ్ళిందని వారి తీర్మానం. సరిగ్గా ఇదే పోలికను పట్టుకుని, గ్రీకు తర్కమే మన మాధ్యమికానికి (నాగార్జునుడి బౌద్ధ శాఖకు) వచ్చిందని వాదించిన పాశ్చాత్యులూ ఉన్నారు. ఒకే సాక్ష్యం రెండు పక్షాలకూ సమానంగా పనికివస్తోందంటే అది సాక్ష్యంగా పనికిరానిదే. ఈ వాదపు ఛాయలు బుద్ధుడి సమకాలికుడైన సంజయ బేలట్ఠిపుత్తుడి మాటల్లో ఉన్నట్టు బౌద్ధ సుత్తాలే చెబుతాయి. ఆయన బౌద్ధుడు కాడు, శారిపుత్రుడూ మౌద్గల్యాయనుడూ ఆయనను వదిలి బుద్ధుడి దగ్గరికి వచ్చినవారు. అటు గ్రీసులో, అవుననీ కాదనీ చెప్పక, రెండూ అని, మళ్ళీ రెండూ కాదని జారుకునేవాడితో వాదించడం వృథా అని అరిస్టాటిల్ విసుక్కున్నాడు. అంటే రెండు చోట్లా ఈ వాదం అలెగ్జాండర్ దండయాత్రతో నిమిత్తం లేకుండానే నడుస్తోంది. నాగార్జునుడు మన నేల మీద, శాతవాహన రాజుకు హితుడిగా మెలిగాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన గొప్పతనాన్ని నిలబెట్టడానికి పిర్రోను ఆయన పూర్వీకుల శిష్యుణ్ణి చేయవలసిన పని లేదు.

వలస పాలన కాలంలో ఐరోపా పండితులు కొందరు మిలిందపన్హలోని పదునైన తర్కాన్ని చూసి అది గ్రీకుల సొత్తే అయి ఉంటుందన్నారు. బుద్ధ విగ్రహం గాంధారంలో గ్రీకు శిల్పుల చేతిలోనే పుట్టిందని పట్టుబట్టారు. దానికి దీటుగా మథుర శిల్పాన్ని చూపి ఆనంద కుమారస్వామి గట్టిగా జవాబిచ్చారు. ఆ జవాబు శైలీ కాలమూ ఆధారంగా ఇచ్చిందే తప్ప, వాళ్ళే మన దగ్గర నేర్చారని తిరగేసి చెప్పింది కాదు. మీ వ్యాసం ఆ పాత పొరపాటునే తలకిందులు చేసి మనకు అందించింది.

చివరిగా ఒక మనవి. మీ ఆదివారం అనుబంధంలో ఒక పేజీ కేటాయించి, ఎర్రగుడి పదమూడో శిలాశాసనం పాఠాన్ని పూర్తిగా, సరళమైన తెలుగు అనువాదంతో ప్రచురించండి. యోనుల దేశంలో శ్రమణులు లేరన్న వాక్యాన్నీ, ఆంధ్రుల ప్రస్తావననూ కుదించకుండా ఉంచండి. వీలైతే దాని పక్కనే కాందహార్ గ్రీకు శాసనంలో సరిపోలే భాగం అనువాదం కూడా ఇవ్వండి. పాళీ, ప్రాకృతాలు తెలిసినవారు మన విశ్వవిద్యాలయాల్లో ఇంకా ఉన్నారు. గ్రీకు భాగానికి ప్రామాణికమైన ఇంగ్లిషు అనువాదాలు అందుబాటులో ఉన్నాయి. వ్యాసకర్త దీనికి జవాబు రాయదలిస్తే, పిర్రో కలిసినవారు బౌద్ధులేనని చెప్పే ప్రాచీన రచయిత పేరు ఒక్కటి చెప్పమని నా తరఫున అడగండి.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర ఉపన్యాసకుడు,
గుత్తి.